మాటల్లేని రోజుల్లో ఓటీపీ

మా ఎదురింటి పిల్ల ఉద్యోగం ఒకసారి నా మెయిల్లో ఐదు రోజుల పాటు చెత్తలో పడి ఉంది. పడేసింది నేనే. ఈ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. లేకపోతే మధ్యలో ఎక్కడో నన్ను నేను మంచివాణ్ణి చేసేసుకుంటాను. నాకు ఆ అలవాటు ఉందని మా ఆవిడ అంటుంది.

నేను గురజాలలో తెలుగు మాస్టారిని. ముక్కు మీద కోపం. మా వీధి ఎంత సన్నమంటే ఎదురింట్లో తాలింపు పెడితే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. ఆ ఎదురింటావిడను నేను వదినా అంటాను. చుట్టరికమేమీ లేదు, ఇరవయ్యేళ్ళుగా ఎదురెదురుగా ఉండడమే చుట్టరికం. ఆమె భర్త, అంటే మా బావ, నడికుడిలో రైలు పట్టాల మీద పని చేస్తాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు. నర్సింగ్ చదివింది. నన్ను మామయ్యా అంటుంది.

కరోనా రోజుల్లో బడి మూతపడి ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు మా ఇంటికి నెట్ వచ్చింది. అంతకుముందే బడివాళ్ళు వెంటపడితే ఒక మెయిల్ తెరిచి ఉన్నాను. నాకు మెయిల్ ఉందన్న సంగతి ఎలా పాకిందో పాకింది. ఏ దరఖాస్తులో మెయిల్ గడి కనపడినా మా వీధివాళ్ళు నా చిరునామా రాసేయడం మొదలుపెట్టారు. గ్యాస్ కనెక్షన్‌కు నాదే, పంట బీమాకు నాదే, చీరలు తెప్పించుకునే యాప్‌కు నాదే. ఎవరో మహానుభావుడు పెళ్ళిసంబంధాల సైటులో కూడా నా మెయిలే ఇచ్చాడు. “ఈ వారం మీకు తగిన వధువులు” అని ఒక మెయిల్ వచ్చింది. మా ఆవిడ చదివి, “మీకు తగినవాళ్ళంట, చూసుకోండి” అని ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట కూరలో ఉప్పు లేదు.

పైకి విసుక్కున్నా లోపల కాస్త గొప్పగానే ఉండేది. వీధి వీధంతా నా ఇన్‌బాక్సులో కాపురం ఉన్నట్టు అనిపించేది.

ఎదురింటి పిల్ల మాత్రం ఆలోచించే నా మెయిల్ అడిగింది. మా ఊళ్ళో నెట్ సెంటరాయన ఎవరి దరఖాస్తులో అయినా తన సొంత మెయిలే కొట్టేస్తాడు. తర్వాత వచ్చే ఉత్తరాల సంగతి ఆయనకు పట్టదు. “నీదైతే నువ్వు చూసి చెప్తావు గదా మామయ్యా” అంది ఆ పిల్ల. అది సర్కారు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. మార్కులను బట్టి తీసుకుంటారు. అప్పటికే రెండుసార్లు పెట్టింది, రెండుసార్లూ కొద్దిలో పోయింది. “ఇదే ఆఖరు. ఈసారి రాకపోతే నర్సు పని వదిలేసి మిషను కుట్టుకుంటా” అంది. నవ్వుతూనే అంది కాని, ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఉత్తరం రాగానే పరిగెత్తుకొచ్చి చెబుతానని మాట ఇచ్చాను.

ఇక నెట్ సంగతి. మా ఇంటికి వచ్చే తీగ కరెంటు స్తంభం నుంచి నేరుగా రాదు. వదిన వాళ్ళ డాబా మీద రెండు ఇనప గొట్టాలకు చుట్టుకుని, అక్కణ్ణుంచి వీధి దాటి మా కిటికీలోకి దూరుతుంది. మిరపకాయల కాలంలో బస్తాలు మేడంత ఎత్తున పేర్చుకుని వెళ్ళే ట్రాక్టర్లు రోడ్డు మీద తీగలు తెంపేవి. పత్తి కాలంలో పత్తి లోడు లారీలు తెంపేవి. ఆ రెండూ లేని రోజుల్లో కోతులు ఉండనే ఉండేవి. తీగ తెగగానే ఇంట్లో నెట్ డబ్బా మీద ఎర్రలైటు వెలిగేది, దానితో పాటు నేనూ.

కంపెనీకి ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతు ఒకటి పలికేది. నెట్ రాకపోతే మా వెబ్‌సైటు చూడండి అనేది. మీ ఫిర్యాదు నంబరు మెయిల్లో పంపాం, చూసుకోండి అనేది. ఆ మెయిల్ చూడడానికి నేను ఫోను పట్టుకుని డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడాలి, అక్కడొక్కచోటే సిగ్నల్ తగులుతుంది కాబట్టి. ఎక్కేసరికి “మీ సమస్య పరిష్కరించబడింది” అని ఇంకో మెయిల్. కింద ఎర్రలైటు అలాగే ఉండేది. ఒకసారి ఆ రికార్డు గొంతును పట్టుకుని దులిపేశాను. “అది మిషనండీ” అంది మా ఆవిడ. “మిషనైతే మాత్రం ఇంత అబద్ధమా?” అన్నాను.

అలాంటి రోజుల్లోనే తెలుగు మాస్టర్ల ఆన్‌లైన్ సమావేశంలో నన్ను మాట్లాడమన్నారు. జిల్లాలో ఉన్న మాస్టర్లంతా వింటారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, ముందు రెండు పేజీల ఉపన్యాసం. రెండో వాక్యంలో ఉండగా ఎర్రలైటు వెలిగింది. కోతులేమోనని కర్ర తీసుకుని బయటికి వచ్చి చూస్తే, వదిన వాళ్ళ డాబా మీద మా తీగ నడుము విరిగినట్టు కిందికి వాలి ఉంది. దాని మీద తడి బొంత. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత నీళ్ళలో తడిస్తే ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్ళకే తెలుసు. నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“వదినా! అది నెట్టు తీగ! బొంతలారేసే దండెమనుకున్నావా?” అని అరిచాను.

“దండెం తెగింది. ఇది ఊరికే ఏలాడతంది గదా అని ఏశా. ఆరంగానే తీస్తాలే” అంది ఆమె తాపీగా.

“ఆరేదాకా జిల్లా మొత్తం నా కోసం కూర్చోవాలా?”

“మా డాబా మీదుంటే మా తీగే గదా. అంత ఇదైతే మీ డాబా మీదే ఏయించుకోకపోయావా?”

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. “చదువుకోనోళ్ళ పక్కనుంటే ఇంతే” అన్నాను.

వదిన మొహం మారిపోయింది. “అవునయ్యా, మేం చదువుకోలా. అందుకే మా పిల్ల నీ మెయిలిచ్చింది. నీ చదువు ఇంతేనని దానికి తెలవలా” అని బొంతను ఒక్క గుంజు గుంజింది. బొంతతో పాటు తీగ కూడా వచ్చింది. నా ఉపన్యాసం ఆ రెండో వాక్యం దగ్గరే ఈనాటికీ ఉంది.

నాలుగు రోజులకు కంపెనీ మనిషి వచ్చి తీగ అతికించాడు. నెట్ రాగానే నేను చేసిన మొదటి పని వైఫై పాస్‌వర్డు మార్చడం. అంతకుముందు దాకా ఆ పిల్ల వాళ్ళ వరండాలో కూర్చుని మా నెట్ మీదే చదువుకునేది. కొత్త పాస్‌వర్డు ఏం పెట్టానో తర్వాత చెబుతాను, ఇప్పుడు సిగ్గుగా ఉంది. రెండో పని, మెయిల్ తెరిచాను. పైనే ఉంది, ఆ పిల్ల దరఖాస్తు అందినట్టు రసీదు. వీళ్ళ ఉత్తరాలకు నేను పోస్టుమాన్నా అనుకుని స్పామ్ అన్న మీట నొక్కాను. అంటే ఈ చిరునామా నుంచి ఏది వచ్చినా ఇక చెత్తలోకే పోతుంది. నొక్కినప్పుడు ఎంతో హాయిగా అనిపించింది. వారం తిరక్కుండా ఆ సంగతే మరిచిపోయాను.

మా వైపు మాటలు ఆగిపోవడానికీ ఒక పద్ధతి ఉంది. మాటల్లేవు అంటే నోరు మూసుకుంటారని కాదు. చెప్పాల్సింది మనిషికి చెప్పరు, గోడకో గేదెకో చెబుతారు, మనిషి వింటుంది. “కొందరికి తెల్లారకముందే మోటరెయ్యకపోతే పొద్దు గడవదు” అని వదిన తన చీపురుతో అనేది. “నీళ్ళు మా బోర్లోయి” అని నేను మా గేటుకు జవాబిచ్చేవాణ్ణి. బావకూ నాకూ వీధిలో మాటల్లేవు, నడికుడి స్టేషను దగ్గర టీ కొట్లో ఉన్నాయి. అక్కడ పక్కపక్కన కూర్చుని టీ తాగి, ఊళ్ళోకి రాగానే ఎవరి మొహం వాళ్ళు తిప్పుకునేవాళ్ళం. మా ఆవిడకూ వదినకూ మాత్రం ఒక్కరోజు కూడా మాటలు ఆగలేదు. మా గొడవ వాళ్ళకు కాలక్షేపం. పిల్ల మాత్రం ఎదురైతే తల వంచుకుని పోయేది. ఇలా పదకొండు నెలలు నడిచింది.

ఎండాకాలం మొదట్లో, ఎంపికైనవాళ్ళకు మెయిళ్ళు వస్తాయని ఎవరో చెప్పారట. ఆ పిల్ల మా ఆవిణ్ణి అడిగేది, మా ఆవిడ నన్ను అడిగేది. నేను రోజూ ఇన్‌బాక్సు తెరిచి, బీమా మెయిళ్ళూ వధువులూ దాటుకుంటూ కిందిదాకా చూసి, “రాలా” అనేవాణ్ణి. కావాలని అబద్ధం ఆడలేదు. అది నిజమే అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే అదే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆవిడ ఎదురింటి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. రాష్ట్రంలోనే ఎక్కువగా కాలే రెంటచింతల పక్కనే ఉండగా ఎండ గురించి నేను చెప్పనక్కర్లేదు. చెమట కూడా తుడుచుకోలేదు.

“దాంతోపాటు చదివిన మాచవరం పిల్లకి మెయిలొచ్చి అయిదు రోజులైందంట. మన పిల్లకంటే మార్కులు తక్కువంట ఆ పిల్లకి. మరి మనదానికెందుకు రాలా? పొద్దుట్నించి అన్నం తినలా, గోడవైపు తిరిగి పడుకోనుంది” అంది.

మార్కులు తక్కువ అన్న మాట వినగానే నా కళ్ళ ముందు ఆ పాత రసీదు మెదిలింది. ఆ మీట గుర్తొచ్చింది. మా ఆవిడ ఎదుట తెరవలేక, ఫోను తీసుకుని డాబా ఎక్కి, ట్యాంకు పక్కన స్పామ్ తెరిచాను. లాటరీలకూ నైజీరియా వారసత్వాలకూ మధ్య ఆ పిల్ల పేరు ఉంది. ఎంపికయ్యారు. అందులో ఇచ్చిన లింకులో సమ్మతి తెలిపి సర్టిఫికెట్లు ఎక్కించాలి. గడువు ఈ రోజు సాయంత్రం ఐదు. దాటితే అవకాశం తర్వాతి మార్కులవాళ్ళకు పోతుంది. అప్పుడు టైము మూడున్నర.

“వచ్చిందని చెప్పు! పరిగెత్తు!” అని పైనుంచే అరిచాను.

“ఎప్పుడొచ్చింది?”

“అది తర్వాత! ముందు పోవే!”

మా ఆవిడ చెప్పులు కూడా లేకుండా పోయింది. లింకు ఆమె ఫోనుకు పంపాను, ఆమె ఫోను నుంచి పిల్ల ఫోనుకు వెళ్ళింది. నెట్ సెంటరుకు వెళ్దామంటే ఆయన మాచర్లలో పెళ్ళికి పోయాడు, షట్టరు వేసి ఉంది. పిల్ల వరండాలో కూర్చుని లింకు నొక్కింది. మెయిలుకు ఓటీపీ పంపాం, ఐదు నిమిషాల్లో కొట్టండి అని వచ్చిందట. మెయిలంటే నాది.

నేను మా గేటు దగ్గర ఉన్నాను. మా ఆవిడ వీధి మధ్యలో ఉంది, వదిన తన ఇంటి మెట్ల మీద ఉంది. గేటు దాటడానికి నాకు కాలు రాలేదు. ఇన్‌బాక్సులో ఓటీపీ కోసం చూస్తూనే ఉన్నాను, రాలేదు. అదీ స్పామ్‌లోకే పోతుందని వెలిగేసరికి ఐదు నిమిషాలూ అయిపోయాయి. రెండోసారి ఓటీపీ పంపమంటే వచ్చింది, చదివాను, మా ఆవిడ అరచేతిలో రాసుకుని మెట్ల దాకా వెళ్ళింది. వదిన ఆమెను ఆపింది.

“అయిదు రోజుల్నించి రాలా రాలా అన్నాడంట గదా. ఇప్పుడు చదివింది మాత్రం సరిగ్గా చదివాడని ఏంది నమ్మకం?” అంది, నాకు వినపడేట్టు.

“మాకు కళ్ళున్నయ్‌లే” అన్నాను కరెంటు స్తంభంతో.

“ఉండి ఏం లాభం?” అంది ఆమె మెట్టుతో.

స్తంభానికీ మెట్టుకూ మధ్య ఇంకో నాలుగు మాటలు నడిచేసరికి రెండో ఓటీపీ కూడా చచ్చింది. మూడోసారి తప్పితే రేపటి దాకా ఆగాలని స్క్రీను మీద వచ్చిందట. రేపటికి గడువు ఉండదు.

అప్పుడు ఆ పిల్ల లేచి బయటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. తల్లిని చూడలేదు, మా ఆవిణ్ణి చూడలేదు.

“మామయ్యా, నువ్వే రా” అంది.

పదకొండు నెలల తర్వాత విన్న పిలుపు. ఎలా దాటానో గుర్తు లేదు, వాళ్ళ వరండాలో ఉన్నాను. మూడో ఓటీపీ స్పామ్‌లోంచి తీసి చదివాను, పిల్ల కొట్టింది, పేజీ తెరుచుకుంది. సర్టిఫికెట్ల ఫోటోలు ఎక్కించబోతే మాత్రం స్క్రీను మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. నాలుగున్నర అయింది. ఆ వరండాలో ఫోను సిగ్నల్ ఒక్క గీత.

“మీ వైఫై వస్తంది మామయ్యా. పాత పాస్‌వర్డు తీసుకోడంలా. కొత్తది చెప్పు” అంది.

ఇప్పుడు చెప్పక తప్పదు. వెనక వదిన నిలబడి ఉంది. “ఇటియ్యమ్మా, నేనే కొడతా” అని ఫోను తీసుకున్నాను. కళ్ళజోడు మా ఇంట్లో ఉంది, ఆ ఫోనులో అక్షరాలు నా ఫోనులో కంటే చిన్నవి. రెండుసార్లు తప్పు కొట్టాను. పిల్ల ఫోను లాక్కుంది.

“టైము లేదు మామయ్యా, చెప్పు!”

“బొంత” అన్నాను. “ఇంగ్లీషు అక్షరాల్లో.”

“ఊఁ.”

“గయ్యాళి.”

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల వేలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. నేను వెనక్కి తిరగలేదు. పదకొండు నెలల తర్వాత వదిన చెవిన పడేట్టు నేను సూటిగా పలికిన మొదటి మాట అది.

“ముందు పని కానీయండి. ఆ సంగతి తర్వాత చూస్తా” అంది వదిన.

గయ్యాళి పుణ్యమా అని నెట్ పరిగెత్తింది. పదో తరగతి, ఇంటరు, నర్సింగ్, కులం, నివాసం, ఒక్కొక్కటే ఎక్కాయి. ఆఖరి మీట నొక్కేసరికి ఐదుకు ఏడు నిమిషాలు తక్కువ. “మీ సమ్మతి నమోదైంది” అని వచ్చింది. పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. మా ఆవిడ దాని తల నిమిరింది. తర్వాత ఉద్యోగం వచ్చింది కూడా, కాని ఆ సాయంత్రానికి అది మాకెవరికీ తెలీదు.

కాసేపటికి ఆ పిల్ల, “ఆ మెయిల్ ఒకసారి చూస్తా, ఇయ్యి మామయ్యా” అంది. ఇచ్చాను. నేను చూసుకోలేదు కాని, ఉత్తరం నెత్తిన రంగు పట్టీలో ఒక వాక్యం ఉంది. ఈ చిరునామా నుంచి వచ్చినదాన్ని మీరు ఇంతకుముందు స్పామ్‌గా గుర్తించారు అని. ఆ పిల్ల చదివింది. తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ చదివింది.

“మరి అయిదు రోజులు ఏమైందంట ఆ ఉత్తరం?” అని అడిగింది వదిన.

“అప్పుడప్పుడు అట్టా ఆలస్యమైద్దిలేమ్మా” అంది పిల్ల.

తప్పించుకోవడానికి దారి ఇచ్చింది. క్లాసులో అబద్ధమాడిన పిల్లల చెవులు మెలేసే నాకు ఆ దారిన పోవడానికి మనసొప్పలేదు.

“ఆలస్యం గాదు వదినా. తీగ తెగిన కోపంలో చెత్తలోకి పొయ్యేట్టు నేనే నొక్కా. తర్వాత మర్చిపోయా” అన్నాను.

మా ఆవిడ చెయ్యి పిల్ల తల మీదే ఆగిపోయింది. వదిన మెట్ల మీది చీపురు తీసి మూలన పెట్టింది. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

“నీకు నోరుందని తెలుసు. ఏలు గూడా ఉందని ఇయ్యాలే తెలిసింది” అని లోపలికి వెళ్ళిపోయింది.

నా ఫోను తీసుకుని లేవబోయాను. “ఉండు మామయ్యా” అంది పిల్ల. “ఇంక నాకు సొంత మెయిల్ ఉండాల. చెయ్యడం చూపించు.”

అడగాల్సిన మాటే. అయినా ఎక్కడో గుచ్చుకుంది. పక్కన కూర్చుని చెబుతుంటే ఒక్కొక్క గడీ నింపింది. పేరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నేను మొహం అటు తిప్పుకున్నాను. ఆఖర్న ఒక గడి వచ్చింది. మీరు ఎప్పుడైనా పాస్‌వర్డు మర్చిపోతే మీ మెయిల్ తిరిగి మీకు అప్పగించడానికి, మీకు నమ్మకమైన ఇంకో చిరునామా ఇవ్వండి అని.

బావది ఇవ్వమందామంటే బావకు మెయిల్ లేదు. అది తర్వాత నింపుకోవచ్చులే అని చెప్పబోయాను. ఆ పిల్ల నన్నేమీ అడగలేదు. ఒక్క అక్షరం కూడా తడుముకోకుండా నా చిరునామా కొట్టి ముందుకు నొక్కింది.

నా చేతిలో ఫోను టింగుమంది. ఈసారి చెత్తలో కాదు, ఇన్‌బాక్సులోనే పడింది. ఫలానా వారు మీ చిరునామాను తమ రికవరీ మెయిలుగా పెట్టుకున్నారు, వారు మీకు తెలియకపోతే ఇక్కడ నొక్కండి అని ఉంది. నేను ఏమీ నొక్కలేదు.